మా చేలో వైకింగు రాయి

నన్ను చెడగొట్టింది మాచవరపు భానుమూర్తి మాస్టారు. పేరు దాచాల్సిన అవసరం నాకు లేదు. పాము కరిస్తే మంత్రమో మందో ఉంది. దొంగ పడితే కేకేసుకోవచ్చు. చరిత్ర మీద ప్రేమ ఉన్న మనిషి చేలో అడుగు పెడితే ఏం చెయ్యాలో మాత్రం నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నేను ఓర్సు తిరుపాలుని. మాది గడ్డమీదపాలెం. రాయి కొట్టుకుని బతికే ఇంట్లో పుట్టాను. అయిదో తరగతిలో నా పలక పగిలితే మా నాయన కొత్త పలక కొనకుండా చేతిలో ఉలి పెట్టాడు. "ఇదీ రాసేదేరా, ఇది పగలదు" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లయింది. ఈలోపు గ్రానైటు యార్డుల్లో నేను చెక్కనిది లేదు. దేవుళ్లని చెక్కాను. బతికుండగానే విగ్రహం చేయించుకున్న పెద్దమనుషుల్ని చెక్కాను. సముద్రాల అవతల చచ్చిపోయిన తెల్లవాళ్లకి సమాధి రాళ్లు చెక్కాను. అక్కడ మనిషి పోతే ఇక్కడ మాకు పని.

ఎన్నాళ్లని ఒకరి యార్డులో ఒకరి కింద చెక్కుతాం? రోడ్డు పక్కన మాకు రెండెకరాల పద్నాలుగు సెంట్ల చేను ఉంది. సన్నగా, పొడుగ్గా, పాత పంచెలా పరుచుకుని ఉంటుంది. ముందు సగంలో రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా చెక్కుకోవాలనీ, వెనక సగంలో కంది వేసుకోవాలనీ నాకూ మా ఆదెమ్మకీ పదేళ్ల ఆశ. ఆ చేను తప్ప మాకు భూమ్మీద ఇంకో జానెడు లేదు. ఊళ్లో ఉంటున్న ఇల్లు కూడా అద్దెదే.

షెడ్డుకి ముగ్గు పోసిన రోజునే భానుమూర్తి మాస్టారు వచ్చాడు.

ఆయన హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యాడు. పాఠం చెప్పడానికి పిల్లలు లేకపోయేసరికి మోపెడ్ మీద ఊళ్లు తిరిగి రాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ రాయి నిలబడి ఉంటే అక్కడ ఆగి, మట్టి తుడిచి, ఫోటో తీసి, మర్నాడు పేపర్లో వేయిస్తాడు. ఆయన భయానికి మా మండలంలో జనం గట్టు రాళ్లని పడుకోబెట్టేశారు. మా రాయి పడుకునే ఉంది. అయినా తప్పించుకోలేకపోయింది.

మంచినీళ్ల కోసం బోరు దగ్గర మోపెడ్ ఆపాడు. ఆదెమ్మ అక్కడ బట్టలు ఉతుకుతోంది.

"అమ్మా! ఆపు!" అని అరిచాడు మాస్టారు.

ఆదెమ్మ చేతిలో నా లుంగీ గాల్లోనే ఆగిపోయింది. "ఏంది సారూ, తేలా?"

"తేలు కాదమ్మా. చరిత్ర!"

"అమ్మో, యాడ?" అని మా ఆడది వెనక్కి దూకింది.

మాస్టారు మోకాళ్ల మీద కూలబడి, కండువాతో సబ్బు నురుగు తుడిచాడు. ఆరడుగుల నల్లరాయి. దాని మీద మెలికలు తిరిగిన పాము. పాము ఒంటి నిండా పుల్లలు విరిచి పేర్చినట్టు అక్షరాలు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సబ్బు పడి అనుకున్నాను.

నేను ముగ్గు డబ్బా పక్కన పెట్టి వెళ్లాను. "మాస్టారూ, అది పాతది కాదు. నేను చెక్కిందే" అన్నాను. అనడమే కాదు, జరిగింది జరిగినట్టు పూసగుచ్చినట్టు చెప్పాను. మీకూ చెప్తాను, న్యాయం మీరే చెప్పండి.

ఆరేళ్ల కిందట నేను కాండ్ర రంగబాబు యార్డులో ఉన్నప్పుడు ఏదో చలిదేశం నుంచి ఒకావిడ ఆర్డరు వచ్చింది. ఆవిడ మొగుడు పోయాడు. ఆయనకి వాళ్ల పూర్వీకులంటే పిచ్చంట. వైకింగులని, వెయ్యేళ్ల కిందట పడవలేసుకుని ఊళ్ల మీద పడి దోచుకునేవాళ్లంట. వాళ్లలో ఎవరన్నా చస్తే అయినవాళ్లు ఒక రాయి నిలబెట్టి, దాని మీద పాముని చుట్టి, పాము ఒంటి మీద రూన్లనే అక్షరాలు చెక్కించేవాళ్లంట. తన మొగుడికి అచ్చం అట్టాంటి రాయే కావాలని ఆవిడ కోరిక. ఆ అక్షరాలకి అర్థం ఏందని అడిగితే యార్డు మేనేజరు చదివి చెప్పాడు: "ఇంగ అనే నేను నా పెనిమిటి ఆర్నే కోసం ఈ రాయి నిలిపాను. మంచివాడు. పడవ బాగా నడిపేవాడు." అంతే. నాకు నచ్చింది. మన దగ్గర పోయినవాడి బిరుదులు రాసేసరికే రాయి అయిపోతుంది, మంచివాడని రాయడానికి చోటు మిగలదు.

మా పనిలో ఒకటే చట్టం. కాయితం మీద ఏముంటే రాయి మీద అది రావాలి. ఎక్కువ రాకూడదు, తక్కువ రాకూడదు. చదువు లేనివాడికి అదే రక్ష. అరబ్బీ చెక్కాను, రష్యా భాష చెక్కాను, ఒక్క ముక్క తెలియదు, ఒక్క తప్పు పోలేదు. ఈ కాయితాన్నీ అట్టాగే చెక్కాను. పాముని చెక్కాను. అక్షరాలు చెక్కాను. పాము పక్కన పైనుంచి కిందికి ఒక గీత, గీతకి రెండు కొసలా బాణాలు, మధ్యలో 1800 అని అంకె ఉంది. అదీ చెక్కాను. కింద మూల గుండ్రంగా ఒక చుట్టు ఉంది, ఒక పక్క కొంచెం తెగి. తెగినకాడ తెగినట్టే చెక్కాను.

పనయ్యాక మేనేజరు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. బాణాల గీత రాయి ఎత్తంట, పద్దెనిమిది వందల మిల్లీమీటర్లు. గుండ్రటి చుట్టు ఆయన టీ గలాసు మచ్చంట.

ఆవిడకి ఇంకోటి మెషీన్ మీద చేసి పంపారు. ఇది యార్డు మూలన పడుంటే ట్రాక్టరు మీద తెచ్చుకుని బోరు కాడ వేశాను. ఆదెమ్మ ఆరేళ్లుగా దాని మీద బట్టలు బాదుతోంది. రాయి కథ ఇంతే.

మాస్టారు మొత్తం విన్నాడు. విని, క్లాసులో వెనక బెంచీ వాణ్ణి లేపినట్టు నన్ను అడిగాడు.

"తిరుపాలూ, నీకు ఈ లిపి వచ్చా?"

"రాదు సార్."

"చదవడం?"

"రాదు."

"మరి రాని లిపిలో మనిషి ఎట్టా రాస్తాడ్రా?"

"చూసి సార్."

"చూసి!" ఆయన నా భుజం తట్టాడు. "నువ్వు కాదురా చూసింది. మీ తాత చూశాడు. వాళ్ల తాత చూశాడు. ఆ జ్ఞాపకం నీ నోట ఇట్టా పలుకుతోంది. నీ తప్పేం లేదు."

మర్నాడు పేపర్లో నాలుగు కాలాల ఫోటో వచ్చింది. ఫోటోలో రాయి, రాయి పక్కన మాస్టారు, వెనకాల తాడు మీద నా లుంగీ.

అయిదో రోజుకి రెండు జీపులొచ్చాయి. రాష్ట్ర శిలావారసత్వ మండలి అట. ఉపసంచాలకులు అనంతపద్మనాభం గారు దిగారు. ఆయన నోట ‘రాయి’ అనే మాట రాదు, ‘శిల’ అంటారు. ‘ఉంది’ అనరు, ‘నెలకొని యున్నది’ అంటారు. ఆయన వెనకే డాక్టర్ నీలాంబరి గారు, పాత రాతలు చదవడంలో రెండు డాక్టరేట్లున్నావిడ. భూతద్దం పెట్టుకుని రాయి చుట్టూ మూడుసార్లు తిరిగింది. మూడోసారి చెప్పులు విడిచి తిరిగింది. అప్పుడే నాకు భయమేసింది.

"సార్, ఇక్కడ చూడండి. 1800. స్పష్టంగా కాలసూచన" అంది.

"అమ్మా, అది రాయి ఎత్తు" అన్నాను. "టేపు పెట్టి కొలవండి కావాలంటే."

కొలిచారు. సరిగ్గా పద్దెనిమిది వందల మిల్లీమీటర్లు వచ్చింది. నీలాంబరి గారి మొహం వెలిగిపోయింది. "కాలాన్నే కొలతగా మలిచిన శిల్పి! ఎంత మేధ సార్!"

"ఇంతకీ ఏ శకమందురు?" అన్నారు ఉపసంచాలకులు.

"క్రీస్తుశకం కాజాలదు. పద్దెనిమిది వందల నాటికి వైకింగులు లేరు. కాబట్టి కలిశకం. అంటే నేటికి మూడువేల మూడువందల ఏళ్లు."

నేను వేళ్లు మడిచి లెక్కేశాను. "వైకింగులు వెయ్యేళ్ల కిందటోళ్లే కదమ్మా. వాళ్లకంటే వాళ్ల రాయి రెండువేల ఏళ్లు ముందెట్టా పుట్టింది?"

"అదే కదా విశేషం!" అని భానుమూర్తి మాస్టారు చప్పట్లు కొట్టాడు. "వాళ్లు పుట్టకముందే వాళ్ల శిల మన దగ్గరుందంటే ఏందిరా అర్థం? ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నట్టు? అంకెలు చూడు, మన అంకెలు!"

ఆ మాటతో ఉపసంచాలకుల గుండె ఉప్పొంగింది. కోటు గుండీ ఒకటి ఊడి చేలో పడింది. తర్వాత దాన్ని వెతకడానికి ఇద్దరు బంట్రోతుల్ని దింపారు. అప్పటికింకా అక్కడ నడవనిచ్చేవాళ్లు.

ఆదెమ్మ ఊరుకోలేదు. "అయ్యా, ఆ గుండ్రటిది టీ గలాసు మచ్చయ్యా. మా ఆయన అమాయకంగా అదీ చెక్కాడు. పాము తల అరిగింది నేను గోనెపట్టాలు బాది."

నీలాంబరి గారు ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది. "మళ్లీ చెప్పమ్మా, పాత్ర అన్నావు. పానీయం అన్నావు." గబగబా రాసుకుంది. తర్వాత నివేదికలో చూశాను, చదివించుకున్నాను: ‘ఈ చక్రాకృతి ఒక పానపాత్ర అడుగు అని స్థానిక స్త్రీలలో నేటికీ జానపద స్మృతి గలదు. ఇది సోమపానానికి సంకేతము. సర్పశీర్షము అరుగుదల వేల సంవత్సరాల క్షాళన క్రతువును సూచించుచున్నది.’ మా ఆడది గోనెపట్టాలు ఉతకడాన్ని క్రతువంటారని అప్పుడే తెలిసింది.

అక్షరాలకి అర్థం కూడా ఆవిడే తేల్చింది. ఉత్తర సముద్రాలన్నీ జయించి, అక్కడివాళ్లకి పడవ కట్టడం, అక్షరం రాయడం నేర్పి తిరిగొచ్చిన తెలుగు నౌకాధిపతి ప్రశస్తి అట.

"కాదమ్మా" అన్నాను. ఇక్కడ మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. "అది మొగుడు పోయిన ఆడమనిషి చెప్పుకున్న నాలుగు మాటలు. ఆయన పేరు ఆర్నే. మంచివాడు, పడవ బాగా నడిపేవాడు, అంతే ఉంది. ఆ చచ్చినాయన్ని కూడా లేకుండా చేస్తే ఎట్టా?"

ఉపసంచాలకులు నన్ను జాలిగా చూశారు. "నాయనా, ఒక సామాన్య స్త్రీ యొక్క వ్యక్తిగత దుఃఖమునకు ఇంత నాణ్యమైన గ్రానైటును వెచ్చించు ఆచారము ప్రాచీన భారతమున లేదు."

ఆ మాట నిజమే అయుంటుంది. ఇప్పుడూ లేదు.

పదిహేను రోజులకి క్రేను వచ్చింది. రాయిని లేపి నిలబెట్టారు. నిలబెట్టడానికి అయిదడుగుల గొయ్యి తవ్వి, రెండు లారీల కాంక్రీటు పోశారు. చుట్టూ గొలుసు కట్టారు. నీలం బోర్డు పాతారు. ఆ బోర్డుకి ఇంకో గొయ్యి. అంతా అయ్యాక నాకు నోటీసు చేతికిచ్చారు. బంట్రోతు గట్టిగా చదివాడు.

‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శిల నుండి నలుదిశలా వంద మీటర్ల మేర పరిరక్షిత వలయముగా ప్రకటించడమైనది. వలయమునందు ఎట్టి నిర్మాణము గాని, తవ్వకము గాని జరుపరాదు. నాగటి కర్రు రెండు అంగుళాలకు మించి భూమిలో దిగరాదు. శిలకు ప్రకంపనల వలన హాని కలుగును గనుక వలయమునందు ఉలి శబ్దము వినబడరాదు.’

"రెండంగుళాల దుక్కిలో కంది మొలుస్తుందా అయ్యా?" అన్నాను.

"అది వ్యవసాయ శాఖ పరిధి" అన్నారు ఉపసంచాలకులు.

"ఉలి చప్పుడు వినబడకూడదంటే నేనేం చెక్కను?"

"శిలను కాపాడుట ముఖ్యమా, శిలలు చెక్కుట ముఖ్యమా? నీవే ఆలోచించుము."

రోడ్డు వైపు సగం చేను పోయింది. షెడ్డు ముగ్గు వానకి కరిగిపోయింది. అటూ ఇటూ పక్క చేలు కూడా వలయంలో పడ్డాయి. పక్క చేను నాసరయ్య గట్టు మీద నిలబడి రోజూ పొద్దున్నే నన్ను పలకరించేవాడు. "ఏరా తిరుపాలూ, కాయితం మీద ఈగ వాలితే ఈగని కూడా చెక్కుతావంట గదా? నీ పనితనం తగలెయ్య! నా గొడ్లపాక పీకమన్నార్రా!"

నేను ఒంగోలు వెళ్లాను. మండలి ఆఫీసులో పెద్ద గుమాస్తా నా అర్జీ అటూ ఇటూ తిప్పాడు. "ఏం కావాలి?"

"ఆ రాయి చెక్కింది నేనే అని రాసివ్వండి సార్. నేను బతికున్న మనిషిని. నేను చెక్కిన రాయి మూడువేల ఏళ్లది ఎట్టా అవుద్ది?"

ఆయన రిజిస్టరు తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ‘శిల్పి’ అనే గడి. ఇందులో రెండే రాయొచ్చు. అజ్ఞాతం. లేదా కీర్తిశేషులు. నీ పేరు రాయమంటే కీర్తిశేషులు అని రాయాలి. దానికి డెత్ సర్టిఫికెట్ జత చెయ్యాలి."

"నేను చచ్చిపోలేదు కదా సార్."

"అదే నీ కేసులో బలహీనత."

ఇంతలో లోపలి గదిలోంచి ఉపసంచాలకులు బయటికొచ్చారు. "సాక్షులెవరైనా గలరా?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నారన్నాను. తిన్నగా రంగబాబు యార్డుకి పోయి, బతిమాలి, ఆయన కారులోనే ఆయన్ని తీసుకొచ్చాను. దారంతా "నీ కోసం చెప్తాలేరా, భయపడబాక" అంటూనే ఉన్నాడు.

ఆఫీసులో ఉపసంచాలకులు ఒకటే ప్రశ్న అడిగారు. "ఆ శిల మీ యార్డునుండి వెలువడినచో, దాని క్వారీ పర్మిట్టు నంబరు చెప్పుడు."

రంగబాబు గొంతు సవరించుకున్నాడు. ఆ ఏడాది ఆయన యార్డుకి వచ్చిన రాళ్లలో పర్మిట్టు ఉన్నవి దేవుడి విగ్రహాలకి వాడినవే. మిగతావి తెల్లవారుజామున వచ్చేవి.

"నేనెప్పుడూ ఆ రాయిని చూళ్లేదండి" అన్నాడు. "ఈ తిరుపాలు మంచి పనివాడే గానీ, కొంచెం ఊహలెక్కువ." బయటికొచ్చాక నా వైపు చూడకుండా కారెక్కాడు. నేను బస్సులో వచ్చాను.

అయినా వదల్లేదు. ఎనిమిది నెలలు తిరిగాను. మొహం చూసీ చూసీ విసిగారో, జాలే కలిగిందో, ఉపసంచాలకులు ఒకరోజు కుర్చీలో వెనక్కి వాలి అన్నారు. "సరే. నీవే శిల్పివైనచో అట్టి శిలను మా సమక్షమున మరల చెక్కి చూపుము. మండలి నియమావళిలో దీనికి ‘ప్రత్యక్ష పునఃసృష్టి పరీక్ష’ అని వీలు గలదు. ఇంతవరకు ఎవరూ అడుగలేదు."

"చెక్కుతాను సార్! రేపే!"

"అదే నేల, అదే గాలి, అదే వెలుతురు ఉండవలెను. కాని వలయమున ఉలి చప్పుడు కారాదు. కావున మీ చేను వెనుక భాగమున, వలయము అవతల చెక్కవలెను. నీవు చెక్కినది దానితో సరిపోలినచో, తగు నిర్ణయము తీసుకొనబడును."

టేపు పట్టి కొలిచి, వలయం అంచు దాటాక ఇంకో యాభై అడుగులు వదిలి, వెనక కందిచేలో రాయి దించాను. అంతే పొడుగు, అంతే మందం, అదే నలుపు. ఈసారి పర్మిట్టున్న రాయే కొన్నాను. ఆదెమ్మ చెవికమ్మలు దానికే పోయాయి.

పని మొదలయ్యే ముందు రోజు ఆదెమ్మ అన్నం పెడుతూ చెప్పింది. "ఏమయ్యో, ఒక మాట చెప్తా వింటావా? అచ్చుగుద్దినట్టు దించబాక. ఎక్కడో ఒక గీత వంకర పోనీ. పాముకి ఒక మెలిక తగ్గించు. చూసేవాళ్లకి ఇది కొత్తది, అది కూడా నువ్వే చేసుంటావని తెలిస్తే చాలు. మరీ అదే దించితే వీళ్లు ఏమంటారో నాకు భయంగా ఉంది."

"పిచ్చిదానా, అచ్చు అదే వస్తేనే కదే నేను చెక్కానని రుజువు?"

"నీకు రుజువు. వాళ్లకో?"

నేను వినలేదు. వినలేదంటే మొండితనం కాదు. ఎవరన్నా నన్ను తప్పు చెక్కమంటే చెయ్యి రాదు. కాయితం మీద ఉన్నది రాయి మీద రావాలి. ముప్పై ఎనిమిదేళ్లు చేసిన చెయ్యి ఒక్కరోజు అబద్ధం ఆడమంటే ఎట్టా ఆడుద్ది? ఈసారి కాయితం కూడా లేదు. పాత రాయే కాయితం. రాయి చుట్టూ కట్టిన గొలుసుకి ఇవతల నిలబడి దాన్ని చూసి, కొలతలు మనసులో పెట్టుకుని వచ్చి చెక్కాలి.

పందొమ్మిది రోజులు పట్టింది. మండలివాళ్లు టెంటు వేసుకుని కుర్చీల్లో కూర్చుని చూశారు. భానుమూర్తి మాస్టారు రోజూ వచ్చేవాడు. మొదటి వారం నన్ను చూసి నవ్వేవాడు. రెండో వారంలో పాము ఒక్కో మెలికే తిరుగుతుంటే ఆయన నవ్వు తగ్గింది. పదహారో రోజున బాణాలు చెక్కి, అంకె వేశాను. పందొమ్మిదో రోజున టీ గలాసు చుట్టు చెక్కాను. తెగినకాడ తెగినట్టే. పాముతల దగ్గర ఆరేళ్ల అరుగుదల కూడా తేవాలిగా. దానికి ఆదెమ్మనే పిలిచాను. అది తిట్టుకుంటూనే వచ్చి ఇసకా గోనెపట్టా వేసి పొద్దుగూకిందాకా రుద్దింది. "నా చేత్తో నేనే మన గొయ్యి తవ్వుతున్నా" అంటూ రుద్దింది.

మాస్టారు రాయి చుట్టూ తిరిగాడు. చేత్తో తడిమాడు. "తిరుపాలూ... నిజంగా నువ్వేనారా?"

"మొదటి రోజు నుంచీ అదే కదా సార్ చెప్తుండేది!"

ఆయన కండువా మూతికడ్డం పెట్టుకుని మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ మనిషికి జ్ఞానోదయం అయింది, నా పని గట్టెక్కింది అనుకున్నాను. ఆ పూట ఊళ్లో నలుగురికీ కాఫీలు పోయించాను. నాసరయ్య కూడా తాగాడు. "గొడ్లపాక మళ్లీ వేసుకోవచ్చేమోరా" అన్నాడు.

నీలాంబరి గారు రెండు రాళ్లనీ నెలరోజులు పరీక్ష చేసింది. ఫోటోలు తీసింది, మైనం ముద్రలు తీసింది, గీత లోతులు కొలిచింది. నెల తర్వాత మళ్లీ రెండు జీపులొచ్చాయి. ఈసారి వెనకాల క్రేను కూడా వచ్చింది. పాత రాయిని పీకి తీసుకుపోవడానికే అనుకుని నేను ఎదురెళ్లి దారి చూపించాను.

క్రేను పాత రాయి దాటి వెనక్కి పోయింది.

ఉపసంచాలకులు ఉత్తర్వు తామే చదివారు. ‘ప్రత్యక్ష పునఃసృష్టి పరీక్షను మండలి సంతృప్తికరముగా ముగించినది. రెండు శిలలయందును రేఖ, లోతు, అరుగుదల సర్వసమానముగా నున్నవి. మొదటి శిల మూడువేల మూడువందల సంవత్సరముల నాటిదని మండలి ఇదివరకే నిర్ధారించి యున్నది. దానితో ఏ విధమైన భేదమును లేని రెండవ శిల అంతకంటె తక్కువ కాలమునకు చెందినదని భావించుటకు శాస్త్రీయ ఆధారము కానరాదు.’

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరిచాను. "సార్... మీ కళ్లముందే కదండీ చెక్కింది! పందొమ్మిది రోజులు కుర్చీలేసుకుని చూశారు కదండీ!"

"చూసితిమి. మేము చూచుట వ్యక్తిగతము. నివేదిక శాస్త్రీయము."

"అమ్మా, నువ్వన్నా చెప్పమ్మా!" నీలాంబరి గారి వైపు తిరిగాను.

ఆవిడ కళ్లు దించుకుంది. ఆవిడకి తెలుసు. అది నేను చూశాను. "మొదటిది తప్పని రాస్తే..." అని ఆగింది. "ఆ శిల మీద ఇప్పటికే మూడు సెమినార్లు జరిగాయి తిరుపాలు గారూ. పాఠ్యపుస్తకంలో కూడా ఎక్కింది. ఇద్దరు డాక్టరేట్లు తీసుకున్నారు." ముప్పై ఎనిమిదేళ్లలో నన్ను ‘గారు’ అన్నది ఆవిడొక్కతే. అది కూడా ఆ రోజే.

క్రేను రెండో రాయిని లేపింది. గొయ్యి తవ్వారు. కాంక్రీటు పోశారు. కంది మొక్కలు పూత మీద ఉన్నాయి, వాటి మీదుగానే గొలుసు లాగారు. ఆదెమ్మ గట్టు మీద కూర్చుని చూసింది. ఏడవలేదు. ఒక్క మాటే అడిగింది.

"పాముకి ఒక్క మెలిక తగ్గిస్తే ఏం పోయేదయ్యా?"

మళ్లీ చెక్కమంటే మళ్లీ అట్టాగే చెక్కుతాను, అదే నా దరిద్రం.

పోతూ పోతూ ఉపసంచాలకులు జీపు అద్దం దించారు. నష్టపరిహారం ఏమన్నా ఇస్తారా అని అడిగాను. ఆయనకి నిజంగానే ఆశ్చర్యమేసింది. "నష్టమేమున్నది? భూమి మీదే. పట్టా మీ పేరుననే యున్నది. శిస్తు కూడ మీరే కట్టుచుండవచ్చును. దున్నరాదు, తవ్వరాదు, కట్టరాదు, చెక్కరాదు, అంతియే గదా."

అంతే. సర్వే నంబరు 217/3. ముందు రాయి కింద ఒక ఎకరా తొమ్మిది సెంట్లు, వెనక రాయి కింద ఒక ఎకరా అయిదు సెంట్లు. మొత్తం రెండెకరాల పద్నాలుగు సెంట్లు.